తొమ్మిదింటికి పడుకోబెట్టడం ఆపండి

మీరు రాసినదాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే ఇది: బాబుకు ఆరేళ్లు, ఆటిజం ఉంది, మాటలు పది పదిహేనుకు మించి లేవు. రాత్రి తొమ్మిదింటికే పక్క మీదకు చేరుస్తున్నారు. పన్నెండున్నరకు గానీ కన్ను మూయడు. ఈలోపు గెంతడం, గోడ కొట్టడం, నవ్వడం, ఏడవడం. చివరికి ఫోనైనా చేతికివ్వాలి, లేదా వాళ్ల నాన్న బండి మీద నాలుగు వీధులు తిప్పుకొని రావాలి. మూడింటికి లేచాడా, కథ మళ్లీ మొదటికి. మందుల దుకాణంలో నిద్ర కోసం వాడే మెలటోనిన్ బిళ్లలు ఇస్తున్నారట, వేయవచ్చా అని అడిగారు.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టును, అంటే రోజువారీ పనులు పిల్లలకు అలవడేలా శిక్షణ ఇచ్చే మనిషిని. పదిహేడేళ్లుగా విజయవాడ చుట్టుపక్కల ఈ పిల్లలతోనే నా పని. మాటలు రావడం లేదని వచ్చిన తల్లి కూడా పావుగంటలో నిద్ర దగ్గరికే వస్తుంది. అధ్యయనాన్ని బట్టి లెక్క మారుతుంది గానీ, ఆటిజం ఉన్న పిల్లల్లో సగం నుంచి ఎనభై శాతం మందికి నిద్ర ఇబ్బంది ఉంటుందని చెబుతారు. కాబట్టి మీ పెంపకంలో లోపం వెతుక్కోవద్దు.

ఇక సూటిగా జవాబు. బాబును తొమ్మిదింటికి పడుకోబెట్టడం ఆపండి. కొన్నాళ్లు పన్నెండున్నరకే పక్క ఎక్కించండి. పొద్దున మాత్రం ఆరున్నరకు, ఆదివారమైనా పండగైనా, లేపేయండి. నిద్ర త్వరగా పట్టడం మొదలయ్యాక ఆ పన్నెండున్నరను పావుగంట చొప్పున తొమ్మిది వైపుకు లాగుదాం. మెలటోనిన్ ఇప్పుడే వద్దు. ఎప్పటికీ వద్దని కాదు. ముందు చూడవలసినవి చూసి, చేయవలసినవి చేసి, అప్పటికీ కుదరకపోతే పిల్లల డాక్టరు చేతి మీదుగా.

ఒక్క అడ్డు ఉంది, దాన్ని ముందే చెప్పాలి. బాబుకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే, లేదా చూపు ఒకచోట నిలిచిపోయి పిలిచినా పలకని క్షణాలు ఉంటే, ఈ పద్ధతి డాక్టరును అడగకుండా మొదలుపెట్టకండి. నిద్ర తగ్గితే ఫిట్స్ రేగే ప్రమాదం ఉంది. ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ మిగతా పిల్లల కంటే ఎక్కువగా కనిపిస్తుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

నిద్ర పట్టని పిల్లాణ్ని ఇంకా ఆలస్యంగా పడుకోబెట్టమంటుంది, ఈవిడకు మతి ఉందా అనుకుంటున్నారేమో. చాలామంది నా ముఖం మీదే అన్నారు. లెక్క చూడండి. తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా మూడున్నర గంటలు. నెలకు నూరు గంటల పైమాటే. అన్ని గంటలపాటు మంచం మీద వాడు నేర్చుకుంటున్నది ఏమిటి? మంచం అంటే గెంతే చోటు, అమ్మతో పెనుగులాడే చోటు, ఏడిస్తే ఫోను దొరికే చోటు. ఈ పిల్లలు ఒక చోటుకూ ఒక పనికీ ముడి వేసుకున్నారంటే అది గట్టి ముడి. నిద్ర ముంచుకొచ్చే వేళకే మంచం ఎక్కించి, ఎక్కిన పది పదిహేను నిమిషాల్లో నిద్రపోయే రాత్రులు వరసగా నాలుగు వచ్చాయంటే పాత ముడి వదులవుతుంది.

రెండో సంగతి, నిద్ర కూడా ఆకలిలాంటిదే. మేలుకున్న గంటలను బట్టి పేరుకుంటుంది. సాయంత్రం గిన్నెడు పకోడీలు తిన్న పిల్లాడి ముందు అన్నం పెట్టి తినమంటే తింటాడా? మీరు రాసిన దాంట్లో ఒక వాక్యం మీరే గమనించకుండా రాశారు: "స్కూలు వ్యానులో మాత్రం హాయిగా పడుకుంటాడు, ఇంటికి వచ్చాక ఎత్తుకుని దించుకోవాలి." అవే ఆ పకోడీలు! నాలుగున్నరకు ముప్పావు గంట గాఢనిద్ర పోయిన ఆరేళ్ల పిల్లాడికి తొమ్మిదింటికి నిద్రాకలి ఎక్కడి నుంచి వస్తుంది? ఈ వ్యాను నిద్ర ఒక్కటి ఆపి, మరే మార్పూ చేయకుండా, గంట ముందు నిద్రపోయిన పిల్లలను చూశాను. ఓ రెండు నెలలు వాళ్ల నాన్న గానీ తాతయ్య గానీ స్కూలు నుంచి తీసుకురాగలిగితే మేలు. కుదరకపోతే వ్యానులో ఆయమ్మను బతిమాలి, ఎక్కగానే చేతికి జంతికలు ఇప్పించండి. కరకరలాడేది నములుతూ నిద్రపోవడం కష్టం. అయినా కళ్లు మూస్తే, దిగగానే లేపేయండి. "పాపం, అలిసిపోయాడు" అని సోఫాలో పడుకోబెట్టారంటే ఆ రాత్రి జాగారం మీరు కోరి తెచ్చుకున్నదే.

ఆరేళ్ల పిల్లాడికి రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. పన్నెండున్నర నుంచి ఆరున్నర అంటే ఆరు గంటలే. చాలదని నాకూ తెలుసు. అందుకే దీన్ని అక్కడే వదిలేయం. ముందు వారం రోజులు ఏమీ మార్చకుండా, వాడు నిజంగా నిద్రపోయిన వేళ, లేచిన వేళ, పగటి కునుకు, ఇవి మూడూ కేలండరు గళ్లలో రాయండి. సగటు తీస్తే పన్నెండున్నర అనుకున్నది పన్నెండుంబావు అని తేలవచ్చు. అదే మొదటి పక్క వేళ. ఎక్కించిన పావుగంట, ఇరవై నిమిషాల్లో నిద్రపోయిన రాత్రులు వరసగా మూడు వస్తే పావుగంట త్వరగా పడుకోబెట్టండి. అరగంటైనా నిద్రపోకపోతే మంచం మీద ఉంచి పోట్లాడవద్దు. దించేసి, మసక వెలుతురులో, ఏ మజా లేని పని ఏదైనా ఇవ్వండి. ఉతికిన సాక్సులు జత చేయడం, చిక్కుడు గింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేయడం, అలాంటివి. ఆవలింత రాగానే మళ్లీ మంచం.

పన్నెండుంబావు నుంచి తొమ్మిదింబావుకు రావడానికి నెలన్నర, రెండు నెలలు పట్టవచ్చు. మధ్యలో ఒక వేళ దగ్గర ఆగిపోవచ్చు కూడా. పది దగ్గర ఆగిపోయి అంతకు మించి కదలని పిల్లలు నాకు బాగా తెలుసు. అది ఆ ఒంటి గడియారం అని ఒప్పుకొని వదిలేశాం. పదింటికి నిద్రపోయి ఏడింటికి లేస్తే తొమ్మిది గంటలు. అవి చాలు.

ఈ పద్ధతి దెబ్బతినేదంతా రాత్రి కాదు, పొద్దున. ఒక ఇంట్లో మూడు వారాలు అన్నీ సరిగ్గా చేశారు, ఫలితం సున్నా. ఏమిటా అని ఆరా తీస్తే, అమ్మానాన్నలు ఉద్యోగాలకు వెళ్లగానే తాతయ్య మనవణ్ని మళ్లీ పడుకోబెట్టి తొమ్మిదిన్నర దాకా నిద్రపోనిస్తున్నారు. ఆయనది ప్రేమే, కాదనను. నేను ఆయనకు ఒకటే పని అప్పగించాను: ఆరున్నరకు మనవణ్ని లేపి, డాబా మీదకు తీసుకెళ్లి, ఎండ ముఖాన పడేలా అరగంట మొక్కలకు నీళ్లు పోయించడం. పొద్దుటి వెలుతురు ఒంటి గడియారాన్ని సరిచేస్తుంది. ఆ తర్వాతి వారం నుంచి రాత్రి కదలిక వచ్చింది.

ఇక పడుకునే ముందు గంట. ఇక్కడ కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే సగం విజయం ఇక్కడే ఉంది.

మాటలు తక్కువ ఉన్న పిల్లాడికి "ఇంకాసేపట్లో పడుకోవాలి" అంటే అది గాలిలో మాట. వాడికి చేతితో పట్టుకునే వరస కావాలి. మీ ఫోనుతోనే మీ ఇంటి వస్తువులను ఫొటోలు తీయండి: వాడి బ్రష్షు, వాడి స్టీలు చెంబు, మీ బాత్రూము తలుపు, వాడి రాత్రి చొక్కా, వాడి దిండు. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మలు వద్దు. ఎవరిదో తెల్లటి స్నానాల తొట్టి బొమ్మ చూసి మనవాడికి ఏం అర్థమవుతుంది? ప్రింటు తీసి, లామినేట్ చేయించి, అట్ట మీద నిలువు వరసలో అతికించండి, ఊడదీయడానికి వీలుగా. ఐదారుకు మించకూడదు. ఒక పని అవగానే ఆ కార్డు వాడే ఊడదీసి ఒక డబ్బాలో వేయాలి. నేను రేకు డబ్బానే పెట్టమంటాను. అట్టపెట్టెలో కార్డు చప్పుడు లేకుండా పడుతుంది. రేకు డబ్బాలో "టంగ్" మంటుంది. పని అయిపోయిందన్న సంగతి ఆ చప్పుడే చెబుతుంది. ఒక పాప చొక్కా కార్డు వేసి, చప్పుడు వినబడలేదని బయటికి తీసి మళ్లీ వేసింది. అప్పుడు గానీ మంచం వైపు నడవలేదు. చివరి కార్డు దిండు. దాన్ని డబ్బాలో వేశాక ఇంట్లో పెద్ద దీపం ఆరిపోవాలి, రోజూ ఒకే చేయి ఆర్పాలి, వీలైతే వాడి చేయే.

ఈ వరసలో నానమ్మలకూ చోటు ఉంది. ఒక ఇంట్లో రోజూ రాత్రి మనవడికి ఉప్పు దిష్టి తీయకుండా పెద్దావిడ నిద్రపోయేది కాదు. కోడలికి చిరాకు, నన్ను తీర్పు చెప్పమంది. దిష్టి సంగతి నాకు తెలియదు గానీ, రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి, ఒకే విధంగా, ముమ్మారు చేయి తిప్పే పని అంటే థెరపిస్టుకు చేదా! పెద్దావిడ పిడికిలిని ఫొటో తీసి నాలుగో కార్డుగా పెట్టాం. పిడికిలి కార్డు డబ్బాలో పడిందంటే నిద్ర దగ్గరపడిందని పిల్లాడికి తెలిసిపోయేది. సాంబ్రాణి పొగ మాత్రం పడక గదిలో వద్దన్నాను. వాసన గిట్టని పిల్లలకు అది పెద్ద అల్లరి.

ఫోను. పడుకునే వేళకు గంటన్నర ముందే ఆగాలి. తెర వెలుతురు మెదడుకు ఇంకా పగలే అని చెప్పి, ఒంట్లో సహజంగా పుట్టవలసిన మెలటోనిన్‌ను ఆలస్యం చేస్తుంది. దానికి మించి, చూసిందే చూసే పిల్లాడికి ఫోను వదలడమే పెద్ద పోరు, ఆ పోరు తర్వాత ఒళ్లు చల్లబడడానికే గంట పడుతుంది. ఒక్కసారిగా లాక్కోకండి. వరసలో మొదటి కార్డు ఫోనుదే పెట్టండి: అలారం మోగుతుంది, ఫోను గూట్లోకి వెళుతుంది, కార్డు డబ్బాలో పడుతుంది. అలారం మూడు రోజులకొకసారి పది నిమిషాలు త్వరగా మోగేలా పెట్టండి. "ఫోను పాడైపోయింది" అని అబద్ధం చెప్పి, పక్క గదిలో మీరు మాట్లాడుతుంటే వాడికి వినబడదా? ఇంట్లో అందరి ఫోన్లూ ఆ వేళకు కనుమరుగైతేనే ఇది సాగుతుంది. హాల్లో సీరియల్ మోత కూడా అంతే.

బండి షికారు. ఇది నేను గట్టిగా వద్దంటాను. ట్యాంకు మీద తూలుతున్న పిల్లాడితో అర్ధరాత్రి బండి నడపడం ప్రమాదం, అది ఒకటి. రెండోది, బండి మీద నిద్రపోయిన వాడు మూడింటికి కళ్లు తెరిస్తే బండి ఏదీ అని వెతుక్కుంటాడు. ఏది ఉంటే నిద్రపోయాడో, మధ్యలో మెలకువ వచ్చినప్పుడు అదే కావాలంటాడు. మనమందరం రాత్రి ఒకటి రెండుసార్లు కళ్లు తెరుస్తాం, దిండు సర్దుకుని మళ్లీ నిద్రలోకి జారుకుంటాం, గుర్తు కూడా ఉండదు. వాడికి ఆ సర్దుకోవడం రావాలంటే మొదట నిద్రపోయేటప్పుడే బండీ ఫోనూ లేకుండా నిద్రపోవాలి. అయితే బండి మీద వాడికి దొరికింది ఒకటుంది: ఊగడం, ఒంటికి గట్టిగా ఆనుకోవడం. అది ముందే ఇచ్చేయండి. సాయంత్రం ఆరింటికి బరువు పనులు: నీళ్ల బకెట్టు రెండు చేతులతో లాగడం, చపాతీ పిండి పిసకడం, మెట్లు ఎక్కి దిగడం. ఎనిమిది తర్వాత గెంతులాటలు వద్దు. పడుకోబోయే గంటలో ఉయ్యాలలో నిదానంగా, ముందుకూ వెనక్కూ మాత్రమే, పది నిమిషాలు. గిరగిరా తిప్పితే ఉన్న మత్తు కూడా వదిలిపోతుంది.

నిద్ర సుఖమెరుగదు అన్నారు గానీ, ఈ పిల్లల నిద్రకు సుఖం బాగా తెలుసు. సుఖం కంటే అసుఖం ఇంకా బాగా తెలుసు. ఎనిమిదేళ్ల పాప ఒకతె అమ్మమ్మ ఊళ్లో తొమ్మిదింటికి నిద్రపోయేది, సొంత ఇంట్లో పదకొండు దాటేది. అమ్మమ్మ గారాబం అని అందరూ తేల్చేశారు. నేను ఒక రాత్రి వాళ్లింటికి వెళ్లి, దీపం ఆర్పి, చాప మీద కూర్చున్నాను. ఇరవై నిమిషాలకు వినబడింది: ఫ్యాను తిరిగే ప్రతి చుట్టుకూ సన్నగా "టిక్". ఇంట్లో వాళ్లకు ఏళ్ల తరబడి అలవాటై వాళ్ల చెవులు దాన్ని వదిలేశాయి. ఆ పిల్ల చెవులు వదలలేదు. ఎలక్ట్రీషియన్ రెక్క దగ్గర వదులైన స్క్రూ బిగించాడు. అన్నీ తీరిపోయాయని అనను, కానీ ఆ వారం నుంచి పది దాటలేదు. మీరూ ఒక రాత్రి వాడి పక్కన, వాడి దిండు మీద తలపెట్టి, దీపం ఆర్పి అరగంట పడుకోండి. చొక్కా మెడ వెనక లేబులు, కొత్త దుప్పటి గంజి, దోమల బిళ్ల వాసన, కిటికీలోంచి వీధి దీపం, ఫ్రిజ్ ఒక్కసారిగా మొదలయ్యే మోత, వీటిలో ఏదో ఒకటి మీకే దొరుకుతుంది.

బరువు దుప్పటి గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు చెబుతారు. ఈ విషయంలో నేను నవ్వులపాలైన కథ ఒకటి ఉంది. కొత్తలో, పుస్తకాల్లో చదివి, ఒక ఇంటికి మూడు కిలోల దుప్పటి రాసిచ్చాను. మే నెల. విజయవాడ. ఆ తల్లి నా వైపు చూసి, "మేడం, వాడు చొక్కానే ఉంచుకోవడం లేదు" అంది. తర్వాత 2014లో బ్రిటన్‌లో 67 మంది పిల్లల మీద చేసిన పరీక్ష ఫలితం వచ్చింది: బరువు దుప్పటితో నిద్ర గంటలు పెరగలేదు. పిల్లలకూ తల్లిదండ్రులకూ మాత్రం అది నచ్చింది. నచ్చితే చలికాలంలో వాడుకోవచ్చు, అదీ తనంతట తాను తీసేయగల పిల్లాడికే, ముఖం మీదకు రాకుండా. వేల రూపాయలు పోయనక్కర్లేదు. స్నానానికి ముందు కాళ్లకు నూనె రాసి, తొడల నుంచి పాదాల దాకా గట్టిగా, నిదానంగా నొక్కండి. సుతారంగా నిమిరితే చాలామందికి చక్కిలిగింతలై గెంతుతారు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒంట్లో బాధ ఏమీ లేదని తేల్చుకోండి. నొప్పి అని చెప్పలేని పిల్లాడి నొప్పి నిద్రలోనే బయటపడుతుంది. పదేళ్ల బాబు ఒకడు రోజూ పదకొండింటికి మంచం అంచుకు పొట్ట ఆనించి ఊగేవాడు. అది ఆటిజం ఊపు అని అందరూ, నాతో సహా, అనుకున్నాం. విరేచనం ఎన్ని రోజులకొకసారి అని అడిగితే తల్లి లెక్కపెట్టి ఐదు అంది. మలబద్ధకానికి వైద్యం జరిగాక ఆ ఊపు సగానికి పైగా పోయింది. ఇలాంటివి మరికొన్ని అడగాలి. గురక పెడతాడా, నోరు తెరిచి నిద్రపోతాడా? ముక్కు వెనక ఉండే అడినాయిడ్లు అనే కండలు పెరిగి ఉండవచ్చు, ముక్కు చెవి గొంతు డాక్టరు చూడాలి. రాత్రిపూట మలద్వారం దగ్గర గోక్కుంటాడా? నులిపురుగులు. పుచ్చు పళ్లు, తామర, అన్నం తిన్న వెంటనే పడుకుంటే గొంతులోకి ఎగదన్నే పులుపు, ఇవీ చూడాలి.

కాళ్లు ఆడిస్తూనే ఉంటాడా, నొక్కమని కాళ్లు మీ ఒళ్లో పెడతాడా? అయితే ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ రక్త పరీక్ష అడగండి. హిమోగ్లోబిన్ సరిపడా ఉన్నా ఆ నిల్వ తక్కువ కావచ్చు. ఫెరిటిన్ మిల్లీలీటరుకు 50 నానోగ్రాముల లోపు ఉండి కాళ్లు నిలవని పిల్లలకు ఐరన్ ఇచ్చి చూడడం నిద్ర వైద్యంలో వాడుకే. మన దేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత. పెరుగన్నం, పాలు తప్ప వేరే ముట్టని పిల్లాడికి ఆ అవకాశం ఇంకా ఎక్కువ. పరీక్ష లేకుండా ఐరన్ టానిక్ పోయకండి, మలబద్ధకం పెరిగి మొదటికే మోసం వస్తుంది. సాయంత్రం టీ, చాక్లెట్టు ఉంటే అవి మానిపించండి. ఇప్పటికే వేరే మందులు వాడుతుంటే, అవి ఏ వేళకు వేస్తున్నారో డాక్టరుకు చెప్పండి. ఒక్కోసారి వేళ మార్చితేనే సరిపోతుంది.

ప్రైవేటు ఖర్చు భారమైతే, చాలా జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో బాలల సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి, డైక్ అంటే అక్కడ చెబుతారు. హైదరాబాద్ వైపు ఉన్నవారికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ, అదే నీపిడ్, ఉంది.

మెలటోనిన్ సంగతికి వస్తాను. నేను మందులు రాసే మనిషిని కాను, రాసే డాక్టర్లతో కలిసి పనిచేస్తాను. అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2020లో ఇచ్చిన మార్గదర్శకం, ముందు ఇంట్లో అలవాట్లు సరిచేసి, ఒంటి జబ్బులు చూసి, అప్పటికీ కాకపోతే మెలటోనిన్ అంటుంది. అదీ పడుకునే వేళకు అరగంట, గంట ముందు, ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాములతో మొదలుపెట్టి. ఇది పనికిరాని మందు కాదు. కొందరు పిల్లలకు నిద్ర పట్టే సమయాన్ని బాగా తగ్గిస్తుంది. కానీ మన దుకాణాల్లో 3, 5, 10 మిల్లీగ్రాముల బిళ్లలు దొరుకుతాయి, అడగకుండా పదిదే చేతిలో పెట్టే దుకాణాలూ ఉన్నాయి. 2017లో కెనడాలో 31 రకాల మెలటోనిన్ ఉత్పత్తులను పరీక్షిస్తే, ఒకదాంట్లో సీసా మీద రాసిన దానికంటే 83 శాతం తక్కువ, ఇంకొకదాంట్లో 478 శాతం ఎక్కువ మందు ఉంది! అందుకే డాక్టరు చెప్పిన కంపెనీ, చెప్పిన మోతాదు, చెప్పిన వేళ. మెలటోనిన్ వేసి పక్కన ఫోను కూడా ఇస్తే, ఒక చేత్తో తలుపు తీసి రెండో చేత్తో మూసినట్టే. మత్తు వస్తుందని జలుబు సిరప్పు పోసే ఇళ్లూ చూశాను. దయచేసి ఆ పని చేయకండి. కొందరు పిల్లలు ఆ సిరప్పుకు మత్తు రాకపోగా రెచ్చిపోయి తెల్లవార్లూ తిరుగుతారు.

మూడింటి మెలకువకు పెద్ద రహస్యం లేదు: రాత్రి ఎంత విసుగ్గా ఉంటే అంత మంచిది. దీపం వద్దు, పాలు వద్దు, మాటలు వద్దు, కళ్లలోకి చూడవద్దు. ముట్టుకుని మళ్లీ పడుకోబెట్టడం, అంతే. వేరే గదిలో ఒంటరిగా పడుకోబెట్టాలని ఇంగ్లీషు పుస్తకాలు రాస్తాయి. నేను ఎవరికీ చెప్పను. మన ఇళ్లలో పిల్లలు అమ్మ పక్కనే పడుకుంటారు, దానివల్ల నిద్ర చెడదు. జోకొడుతూ నిద్రపుచ్చి, మూడింటికి మీరు లేచి వెళ్లి టీ పెట్టుకుంటే చెడుతుంది. కాబట్టి పక్కనే ఉండండి, జోకొట్టడం మాత్రం తగ్గించండి. మొదటి వారం నిద్ర పట్టేదాకా కాకుండా తూగు వచ్చేదాకా. రెండో వారం చేయి ఊరికే ఆనించి ఉంచడం. తర్వాత చేయి పరుపు మీద, వాడికి తగలకుండా. మూడో రోజో నాలుగో రోజో ఏడుపు మొదటికంటే పెద్దదవుతుంది. పద్ధతి చెడిందని అందరూ హడలిపోయేది ఆ రాత్రే. అది పాత పద్ధతి పనిచేస్తుందేమోనని వాడు చేసే చివరి ప్రయత్నం. ఆ రాత్రి ఫోను ఇచ్చారంటే, గట్టిగా ఏడిస్తే వస్తుందని నేర్పినట్టు.

రాత్రి లేచి మనకు తెలియకుండా ఇంట్లో తిరిగే పిల్లలు ఉంటారు. వీధి తలుపుకు పైగడియ, గ్యాస్ రెగ్యులేటరు ఆపి పడుకోవడం, డాబా మెట్ల తలుపుకు తాళం. పడక గది తలుపుకు చిన్న గజ్జెలు కట్టండి, కదిలితే మీకు మెలకువ వస్తుంది.

మీరిద్దరూ రాత్రంతా కలిసి మేలుకోవడం వృథా. ఒక రాత్రి మీరు, ఒక రాత్రి ఆయన. డ్యూటీ లేని వాళ్లు హాల్లో, చెవిలో దూది పెట్టుకుని నిద్రపోవాలి. కార్డుల వరస ఇద్దరూ ఒకేలా చేయాలి, మీరు బ్రష్షు ముందు, ఆయన చొక్కా ముందు అంటే కుదరదు. ఊరి ప్రయాణమో జ్వరమో వచ్చి అంతా చెదిరితే, కంగారు పడకుండా ఆ వారం నిజంగా నిద్రపోతున్న వేళకు మళ్లీ వెళ్లి అక్కడి నుంచి మొదలుపెట్టండి. రెండోసారి త్వరగా వస్తుంది.

ఈ వారం మాత్రం ఏమీ మార్చకండి. కేలండరు గళ్లు నింపండి, వ్యానులో ఎంతసేపు నిద్రపోతున్నాడో ఆయమ్మను అడగండి, పిల్లల డాక్టరు దగ్గర పరీక్షలు రాయించుకోండి. ఏడు రాత్రుల అంకెలు, ఫెరిటిన్ ఎంత వచ్చిందో, గురక ఉందో లేదో ఇక్కడే రాయండి. పక్క వేళ పన్నెండున్నరో, పన్నెండుంబావో, అవి చూసి చెబుతాను.